సణుగుడి ఎడమ దవడ

ఆ ఆరు కుక్కలకూ పేర్లు పెట్టకూడదని పెద్దక్కకు మొదటిరోజే చెప్పారు. చెవి లోపలివైపు పచ్చబొట్టులా నంబరు పొడిచి ఉంటుంది, దాంతోనే పిలవాలి, పుస్తకంలోనూ అదే రాయాలి అన్నారు. పెద్దక్క అలాగేనంది. ఇరవై రెండేళ్ళుగా ఆ దంతవైద్య కళాశాల వెనకనున్న జంతుశాలలో పనిచేస్తున్న మనిషి ఆవిడ. ఎలుకల్నీ కుందేళ్ళనీ, ఒక ఏడాది రెండు మేకల్నీ కూడా సాకింది. దేనికీ పేరు పెట్టలేదు. పెడితే ఏమవుతుందో ఆవిడకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

కానీ ఆరో నంబరు తన పేరు తనే తెచ్చుకుంది. గిన్నె ముందు పెట్టడం ఆలస్యం, మూతి అందులో దూర్చి, తిన్నంతసేపూ గొంతులో ఏదో గొణుగుతూనే ఉండేది. కోపంతో కాదు. ఉప్పు తక్కువైందనో, నిన్నటిదే మళ్ళీ పెట్టావనో అత్తగారు వంక పెడుతున్నట్టుండేది. "ఏంటా సణుగుడు? ఇష్టం లేకపోతే మానెయ్" అంది పెద్దక్క ఒకరోజు. కుక్క తలెత్తి ఆవిడ వంక చూసి, తోక రెండుసార్లు ఊపి, మళ్ళీ గిన్నెలో తలపెట్టి సణగడం మొదలెట్టింది. ఆ వారమంతా పుస్తకంలో ఆరో నంబరనే రాసింది గానీ నోటికి మాత్రం సణుగుడు అనే వచ్చేది. తర్వాత మూడో నంబరు కూడా, ఎవరు పిలిచినా గోడవైపు ముఖం తిప్పుకుని కూర్చుంటుంది కనక, దొరసాని అయిపోయింది. మిగతా నాలుగింటినీ నంబర్లతోనే ఉంచి, మాట చాలావరకు నిలబెట్టుకున్నట్టేనని పెద్దక్క తనకు తాను సర్దిచెప్పుకుంది.

కుక్కలు వచ్చింది డాక్టరమ్మ పరిశోధన కోసం. చిగుళ్ళ జబ్బులు చూసే డాక్టరావిడ. నలభై ఇంకా నిండలేదు. హడావుడి మనిషి, తిన్నారా అని అడిగితే ఆలోచించి గానీ జవాబు చెప్పలేదు. చిగుళ్ళ జబ్బు ముదిరితే పంటి చుట్టూ ఉన్న ఎముక కరిగిపోతుందనీ, పన్ను రాయిలా ఉన్నా దాన్ని పట్టుకునే పట్టు లేక ఊగిపోతుందనీ, అలా పోయిన ఎముక దానంతటది తిరిగి రాదనీ ఆవిడ పెద్దక్కకు కుక్కల గదిలోనే, నేలమీద మఠం వేసుక్కూర్చుని చెప్పింది. దాన్ని మళ్ళీ మొలిపించే మందొకటి తయారుచేశారట. చూడటానికి పల్చటి జిగురులా ఉంటుంది. ఎలుకల్లో పనిచేసింది. కుక్క పన్నూ చిగురూ మనిషి వాటికి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఇప్పుడు కుక్కల్లో చూడాలి. మత్తిచ్చి, కింది దవడలో రెండు పక్కలా ఒక్కో పంటి దగ్గర చిగురు విప్పి, ఎముకలో చిన్న గాడి చేసి, ఒక పక్క మందు పెట్టి కుట్టేస్తారు. రెండో పక్క ఉత్తినే కుట్టేస్తారు.

ఏ కుక్కకు ఏ పక్క మందు పడిందో ఆపరేషన్ చేసిన పెద్ద ప్రొఫెసరుకు మాత్రమే తెలుసు. ఆయన కాగితం మీద రాసి, కవరు అంటించి, పశువుల డాక్టరు బీరువాలో పెట్టించాడు. కొలతలు తీయాల్సిన డాక్టరమ్మకు అది తెలియకూడదట. తెలిస్తే ఎంత నిజాయితీపరుల కన్నయినా ఆశపడిన వైపుకే మొగ్గుతుందట.

ఆ బీరువాలోనే ఇంకో కవరు ఉంది. ఆరునెలలయ్యాక ఆరింటిలో నాలుగింటికి శాశ్వతంగా నిద్రమందు ఇచ్చేస్తారు. దవడ ఎముకను పొరలు పొరలుగా కోసి చూస్తేగాని లోపల మొలిచిందేమిటో తేలదు. మిగతా రెండింటికి స్కానింగుతో సరిపెట్టి, ఎవరైనా పెంచుకుంటామంటే ఇచ్చేస్తారు. ఆ రెండూ ఏవో ముందే చీటీలు తీసి రాసి పెట్టారు. ఈ సంగతి పెద్దక్కకు మొదటినుంచీ తెలుసు. తెలుసు కాబట్టే తలుచుకునేది కాదు.

ఆపరేషన్ అయిన రాత్రికి ఆరూ తూలుతూ లేచి, నోటి దగ్గర కాళ్ళతో తడుముకున్నాయి. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్లు ఇచ్చారు. మూడు వారాలపాటు తిండంతా మెత్తగా గుజ్జులా చేసి పెట్టాలి. ఆ తర్వాత రోజూ ఆరింటికీ పళ్ళు తోమాలి. మెత్తటి బ్రష్షుతో, చిగురు అంచు వెంబడి, నొప్పి పుట్టకుండా. పెద్దక్క కుక్కను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో పెదవి పైకెత్తి, "ఆ, తెరు తెరు, బంగారుతల్లీ, అయిపోయింది, ఇంకొక్కటే" అంటూ తోమేది. ఆవిడ లెక్కలో ఆ ఒక్కటీ పది నిమిషాలు సాగేది. దొరసాని ఆ పది నిమిషాలూ కళ్ళు మూసుకుని అవమానం భరించేది. సణుగుడు బ్రష్షు నోట్లో ఉండగానే సణిగేది.

గట్టి తిండి మొదలుపెట్టిన పదిహేను రోజులకు పెద్దక్క ఒకటి కనిపెట్టింది. సణుగుడు ముక్కను ఎప్పుడూ ఎడమ దవడకే తోసుకుని నములుతోంది. కుడివైపు పెట్టి చూసింది. నాలుకతో ఎడమకు తిప్పుకుంది. అది పుస్తకంలో రాసి, డాక్టరమ్మ రాగానే సంబరంగా చెప్పబోయింది. డాక్టరమ్మ రెండు చెవులూ మూసుకుంది.

"చెప్పొద్దక్కా. ఒక్క ముక్క కూడా చెప్పొద్దు. ఆ పుస్తకం కూడా నాకు చూపించకండి. లెక్కలన్నీ అయ్యాక నేనే అడుగుతాను."

పెద్దక్క నాలుక్కరుచుకుని, కొత్త కోడలి గుట్టు దాచినట్టు ఆ పుస్తకాన్ని సొరుగు అడుగున పెట్టింది.

పెద్దక్క భర్త టైలరు. ఇంటి ముందుగదే అతని కొట్టు: ఒక కుట్టుమిషను, బట్టలు కత్తిరించే బల్ల, అద్దం, మేకులకు వేలాడే సగం కుట్టిన చొక్కాలు. నలభై ఏళ్ళుగా దారాన్ని కత్తెరతో తెంపడం అతనికి చేతకాదు. కత్తెర ఎదురుగానే ఉంటుంది, అయినా నోటి దగ్గరికే పోతుంది దారం. ఒకరోజు సాయంత్రం పెద్దక్క పని నుంచి వచ్చేసరికి అతను ఒక తెల్లచొక్కా కాలరును సబ్బుతో రుద్దుతున్నాడు. ఏమైందంటే ఏమీ లేదన్నాడు. ఆవిడ చొక్కా లాక్కుని చూసింది. గుండీ పక్కన కందిగింజంత రక్తపు మరక.

"సూది గుచ్చుకుంది" అన్నాడతను.

"వేలు చూపించు."

అతను చూపించలేదు. ఆవిడ అతని గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి, "నోరు తెరు" అంది. జంతుశాలలో అనే గొంతుతోనే అనేసింది. అతనూ అలవాటుపడిన జంతువులా తెరిచాడు. కింది ముందుపళ్ళు రెండు వేలు తగిలితేనే ఊగుతున్నాయి. చిగురు వాచి, ఎర్రగా, పంటినుంచి విడివడి ఉంది. ఎన్నాళ్ళనుంచి అని అడిగితే రెండేళ్ళ నుంచీ అన్నాడు. రెండేళ్ళుగా ఇంట్లో కూర్చుని ఈ మనిషి నోట్లో రక్తం మింగుతుంటే తనకు తెలియనేలేదు; ఈ ఆరు కుక్కల చిగుళ్ళు మాత్రం రోజూ తడిమి చూసి పుస్తకంలో రాస్తోంది. పెద్దక్కకు తలకొట్టేసినట్టయింది. ఆ రాత్రి అతనికి కూర మెత్తగా చిదిమి పెట్టింది. అతను "నాకేం ఆపరేషనయిందే?" అని నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి మానేసి తిన్నాడు.

మర్నాడే కాలేజీకి లాక్కొచ్చింది. డాక్టరమ్మ అతన్ని కుర్చీలో పడుకోబెట్టి, సన్నటి కొలబద్దతో ఒక్కో పంటి చుట్టూ లోతు చూస్తూ అంకెలు చెబుతుంటే పక్కనున్న నర్సు రాసుకుంది. అంకెలు పెరిగేకొద్దీ పెద్దక్క కుర్చీకి ఇంకొంచెం దగ్గరగా జరిగింది. ఆ అంకెల అర్థం ఆవిడకు తెలుసు మరి. చివరికి డాక్టరమ్మ ఆ రెండు పళ్ళూ దక్కవని చెప్పింది. మిగతావాటికి లోతుగా శుభ్రం చేసి, రోజూ రెండుపూటలా సరిగ్గా తోముకుంటే చాలావరకు నిలబెట్టవచ్చు. షుగరు కూడా పరీక్ష చేయించుకోవాలి.

టైలరు లేచి మూతి తుడుచుకునేలోపు పెద్దక్క డాక్టరమ్మను పక్కకు తీసుకెళ్ళి, ఆ జిగురుమందు కొంచెం ఈయనకు పెట్టరాదా అని అడిగింది. అడుగుతున్నప్పుడే సిగ్గుపడింది. డాక్టరమ్మ నవ్వలేదు. ఇంకా ఏళ్ళు పడుతుందనీ, పనిచేస్తుందో లేదో, ఏమైనా కీడు చేస్తుందో తెలియకుండా మనిషి నోట్లో పెట్టకూడదనీ చెప్పింది. తర్వాత అతనివైపు తిరిగి, "బావగారూ, ఇకమీదట దారం తెంపడానికి కత్తెర వాడండి" అంది. పెద్దక్కను అక్కా అంటున్నందుకు ఆ వరస ఆవిడే కలుపుకుంది. టైలరుకు అది తెగ నచ్చింది. ఇంటికెళ్ళేదాకా "మా మరదలు డాక్టరు" అంటూనే ఉన్నాడు.

ఆ రోజునుంచి పొద్దునా రాత్రీ పెద్దక్క అతన్ని వాష్ బేసిన్ ముందు నిలబెట్టి దగ్గరుండి తోమించింది. బ్రష్షు పట్టుకునే పద్ధతి రాకపోతే చెయ్యి పట్టి నేర్పింది. "ఇంతకీ నీ లెక్కలో నేను ఏడో నంబరునా?" అని అడిగాడు ఒకసారి నోటినిండా నురగతో. "ఆ ఆరూ నీకన్నా బుద్ధిమంతులు" అంది. రెండు పళ్ళూ తీసేశారు. నవ్వినప్పుడు మొదట్లో చేత్తో నోరు మూసుకునేవాడు. పెద్దక్క ఆ చేతిని తీసేసేది. క్రమంగా చిగుళ్ళ ఎరుపు తగ్గింది.

ఆరునెలలూ ఎలా గడిచాయో తెలియకుండానే గడిచిపోయాయి. పశువుల డాక్టరు బీరువా తెరిచి రెండో కవరు చించాడు. బతికేవి ఒకటో నంబరు, మూడో నంబరు. పెద్దక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, వెళ్ళి గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. మధ్యాహ్నం డాక్టరమ్మ గదికి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"ఇరవై రెండేళ్ళలో మిమ్మల్నే కాదు, ఎవర్నీ ఏమీ అడగలేదు డాక్టరమ్మా. దొరసాని బదులు సణుగుడిని ఉంచండి. రెండూ ఒకటే జాతి, ఒకటే వయసు. ఎవరికి తెలుస్తుంది?"

డాక్టరమ్మ చేతిలోని కలం బల్ల మీద పెట్టింది. "మనకు తెలుస్తుంది కదక్కా" అంది. "ఆరింటిలోకీ సణుగుడికే ఒక పక్క అందరికన్నా బాగా నిండింది. కొలిచినప్పుడు నాకే ఆశ్చర్యం వేసింది. నాకు ముద్దొచ్చినదాన్ని పక్కకు తీసి, రానిదాన్ని కోసి, ఇదే నిజమని రాస్తే ఎలా? రేపు ఎవరో ఒక డాక్టరు నా రాత నమ్మి బావగారిలాంటి మనిషి నోట్లో ఈ మందు పెడతాడు. ఆ మనిషికి నేను అబద్ధం చెప్పలేను."

పెద్దక్క వెనక్కి తిరిగింది. నాలుగు రోజులు డాక్టరమ్మతో ముభావంగా ఉండిపోయింది. అడిగినదానికి అవునూ కాదూ అనడమే తప్ప ముఖం చూసి మాట్లాడలేదు. డాక్టరమ్మ కూడా బతిమాలలేదు. కానీ రోజూ పొద్దున్నే వచ్చి, కుక్కల గదిలో నేలమీద కూర్చుని, తన ఒళ్ళో తల పెట్టిన ఏ కుక్కనయినా నిమురుతూ కాసేపు ఉండిపోయేది. ఐదోరోజు పెద్దక్క టీ రెండు గ్లాసుల్లో తెచ్చి, ఒకటి ఆవిడ పక్కన నేలమీద పెట్టింది.

ఇంట్లో మాత్రం టైలరు ముందు ఏడ్చింది. అతను ఓదార్చలేదు. తను కూడా దాన్ని ఒకసారి చూస్తానన్నాడు. పశువుల డాక్టరు అనుమతిస్తే ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు, మెడలో అలవాటుగా టేపు వేసుకుని. సణుగుడు అతన్ని బూట్లనుంచి మోకాళ్ళదాకా వాసన చూసి, పెద్దక్క వాసన తగిలిందేమో, అతని కాలికి ఒరిగి నిలబడింది. టైలరు గొంతుక్కూర్చుని టేపు తీశాడు. మెడ చుట్టూ, ఛాతీ చుట్టూ, మెడనుంచి తోక మొదలుదాకా, చొక్కాకు కొలిచినంత జాగ్రత్తగా కొలిచాడు.

"కోటు కుడతావా ఏంటి దానికి?" అంది పెద్దక్క.

"ఊరుకో. కొలతల మధ్యలో మాట్లాడితే మర్చిపోతాను" అన్నాడతను.

రెండు రోజులు మిగతా పనులు పక్కన పెట్టి బొంత కుట్టాడు. ఇన్నేళ్ళ చొక్కాలనుంచి మిగిలిన గుడ్డముక్కలు, చారలవీ గళ్ళవీ నీలంవీ, లోపల దూది పరిచి, అతుకు తెలియకుండా కుట్టాడు. ఆఖరి రోజున సణుగుడిని గట్టి బల్ల మీద పడుకోబెట్టొద్దని చెప్పమన్నాడు. పశువుల డాక్టరు బొంతను వేడినీళ్ళలో ఉతికించి, సరేనన్నాడు.

ఆ ఉదయం నాలుగు కుక్కల్నీ ముందు పచ్చిక మీద వదిలారు. ఎండ పలచగా ఉంది. రెండో నంబరూ ఐదో నంబరూ ఒకదాన్నొకటి తరుముకున్నాయి. నాలుగో నంబరు ఒక్కచోట వీపు ఆనించి పొర్లింది. సణుగుడు పెద్దక్క పక్కనే నడిచింది. తర్వాత ఒక్కోదాన్నీ లోపలికి తీసుకెళ్ళారు. మూడింటికీ పెద్దక్కే తోడు వెళ్ళింది. సణుగుడు చివర. బొంత మీద పడుకోబెడితే దాని అంచులు వాసన చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, ముడుచుకుని పడుకుంది. తల పెద్దక్క చేతిలో ఉంది. డాక్టరమ్మ అవతలివైపు నిలబడి ముందుకాలు పట్టుకుంది. నిజానికి ఆవిడ అక్కడ ఉండాల్సిన అవసరం లేదు. పశువుల డాక్టరు మొదట మత్తు ఇచ్చాడు. పెద్దక్క పంటి బిగువున దుఃఖం ఆపుకుని, "అయిపోయింది, బంగారుతల్లీ, ఇంకొక్కటే" అంటూ చెవుల వెనక రాస్తూ ఉంది. కుక్క ఒకసారి నిట్టూర్చి నిద్రపోయింది. ఆ నిద్రలోనే వెళ్ళిపోయింది. పశువుల డాక్టరు గుండె మీద స్టెతస్కోపు పెట్టి, చాలాసేపు విని, తల ఊపాడు. పెద్దక్క చేయి తీయడానికి ఇంకా కొంతసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

ఎముకను మందునీళ్ళలో నానబెట్టి మెత్తబరిచి, కోసి, రంగులు పట్టించడానికి మూడు నెలలు పట్టింది. ఒకరోజు డాక్టరమ్మే జంతుశాలకు వచ్చి, పెద్దక్కను చెయ్యి పట్టుకుని మైక్రోస్కోపు గదికి తీసుకెళ్ళింది. లెక్కలన్నీ అయిపోయాయి, మొదటి కవరు విప్పేశారు. పెద్దక్క కళ్ళద్దాలు తీసి, గొట్టంలోకి వంగి చూసింది. మొదట తన కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. డాక్టరమ్మ పక్కనుంచి మర తిప్పింది. గులాబీరంగు నేల, ఊదారంగు గట్టు, మధ్యలో సన్నటి పోగులు. గట్టునుంచి పంటి వేరుదాకా పక్కపక్కనే, కొంచెం ఏటవాలుగా, రెండు గుడ్డల్ని కలిపి చేతికుట్టు వేసినట్టు.

"ఆ పోగులే పంటిని పట్టుకునేవి. మనం గాడి చేసినప్పుడు ఇక్కడ ఏమీ లేదక్కా. ఇవన్నీ కొత్తగా మొలిచాయి. ఎముకా కొత్తదే."

"ఇది ఎవరిది?"

"సణుగుడిది. ఎడమ పక్క."

పెద్దక్క తల ఎత్తకుండానే, తను పుస్తకంలో ఆ పక్కే రాశానంది. డాక్టరమ్మకు తెలుసు. పుస్తకం అప్పటికే తెప్పించి చదివింది; తను తీసిన కొలతలకన్నా రెండు నెలల ముందే పెద్దక్క రాసిపెట్టి ఉంది. అన్నీ ఇలాగే రాలేదని కూడా డాక్టరమ్మ చెప్పింది. నాలుగింటిలో మూడింటికి బాగా మొలిచింది. ఐదో నంబరుకు మందు పెట్టిన పక్కా పెట్టని పక్కా ఒకలాగే ఉన్నాయి. ఎందుకో తెలియదు. అదీ ఉన్నదున్నట్టు రాస్తారు. వ్యాసం చివర, జంతువుల్ని చూసుకున్నవారికి కృతజ్ఞతలని పెద్దక్క అసలు పేరు వేస్తారు. అక్షరాలు సరిచూసి చెప్పమంది. పెద్దక్క మళ్ళీ గొట్టంలోకి వంగింది. అద్దం తడిసి ఏమీ కనపడకపోతే కొంగుతో తుడిచి మరీ చూసింది.

ఒకటో నంబరును పశువుల డాక్టరు తమ్ముడు తీసుకెళ్ళాడు. దొరసానిని అడిగినవాళ్ళు ఇద్దరు వచ్చారు. వచ్చినవాళ్ళ వంక అది చూడనైనా చూడలేదు, వాళ్ళు వెళ్ళిపోయారు. పెద్దక్కకు దానిమీద ఎప్పుడూ పెద్ద ప్రేమ లేదు. పైగా చీటీలో దాని నంబరు వచ్చినందుకు లోలోపల కినుక కూడా ఉండేది. ఒక్కోసారి గిన్నె పెట్టి పలకరించకుండా వచ్చేసేది. ఒకరోజు అలా తలుపు వేస్తూ వెనక్కి చూస్తే, ఆరు కుక్కలుండే గదిలో అది ఒక్కటే గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. గిన్నె ముట్టలేదు. పెద్దక్క కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత గొలుసు తెచ్చి, దాన్ని తీసుకుని ఇంటికి నడిచింది.

టైలరు చూసి, ఎవరీవిడ అని అడిగాడు. పెద్దక్క చెప్పింది. దొరసాని మూడు రోజులు బల్లకింద అవతలిగోడకు అతుక్కుని పడుకుంది. వాళ్ళిద్దరూ నిద్రపోయాకే తినేది. నాలుగోరోజు పొద్దున పెద్దక్క వంటింట్లో ఉండగా ముందుగదిలో మిషను చప్పుడు మధ్యలో ఆగిపోయింది. ఎంతసేపటికీ మళ్ళీ మొదలవకపోతే, చేయి తుడుచుకుంటూ వచ్చి చూసింది. దొరసాని మిషను కిందికి వచ్చి, కాలిపలక మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. టైలరు రెండు కాళ్ళూ పక్కకు ముడుచుకుని, కదలకుండా కూర్చున్నాడు. నోటిమీద వేలు పెట్టి ఉష్ అన్నాడు.

"ఆ చొక్కా ఇవాళే ఇవ్వాలి కదయ్యా" అంది పెద్దక్క గుసగుసగా.

"లేచాక కుడతాలే" అన్నాడు అతను. ఒళ్ళో ఉన్న చొక్కాకు గుండీలు కుట్టడం మొదలుపెట్టాడు, చేత్తోనే.